ఉత్తరం చదివేవాడే పడిపోతే

మా చండ్రుగొండలో ఒకప్పుడు చదువు రానివాళ్ళకి పోస్ట్‌మ్యానే ఉత్తరాలు చదివి పెట్టేవాడని మా నాయనమ్మ చెప్తుంటుంది. ఎవడో ఆకతాయి "ఈ వాక్యం అయ్యాక మళ్ళీ ఇదే చదువు" అని రాసి పంపాడనుకోండి. మనిషైతే రెండోసారికి నవ్వేసి ఉత్తరం మడిచేస్తాడు. ప్రోగ్రామ్ మడవదు, చదువుతూనే ఉంటుంది.

వైర్‌షార్క్ వాడేవాళ్ళకి ఈపాటికి విషయం అర్థమై ఉంటుంది. వాడనివాళ్ళకి: నెట్‌వర్క్‌లో వచ్చేపోయే ప్యాకెట్లని పట్టి, విప్పి, లోపల ఏముందో చూపించే సాఫ్ట్‌వేర్ అది. జెరాల్డ్ కూంబ్స్ 1998లో ఈథీరియల్ పేరుతో విడుదల చేశాడు. 2006లో ట్రేడ్‌మార్క్ చిక్కు వల్ల పేరు మారింది. ఒక్కో ప్రోటోకాల్‌ని విప్పడానికి ఒక్కో డిస్సెక్టర్, ఎక్కువ భాగం సీ భాషలో రాసినవే. ప్యాకెట్‌లో "ఈ ముక్క పొడవు ఇంత" అని ఉంటుంది, డిస్సెక్టర్ అంత దూరం జరిగి తర్వాతది చదువుతుంది. పొడవు సున్నా అని ఉంటే? సరిచూసే ఒక్క లైను రాయడం మర్చిపోతే చాలు, అక్కడే గిరగిరా తిరుగుతుంది.

భద్రతా ప్రకటనల్లో దీన్ని డినయల్ ఆఫ్ సర్వీస్ అంటారు. 2024 జనవరిలో ఒక్క విడతలోనే హెచ్‌టీటీపీ3, జిగ్‌బీ, డాక్సిస్ డిస్సెక్టర్లలో ఇలాంటి లోపాలు సరిచేశారు. ఇవి చూసి మనవాళ్ళు అనే మాట: "ఓస్, ఆగిపోవడమే కదా, మళ్ళీ ఓపెన్ చేస్తే పోలా!" నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

నాలుగేళ్ళ కిందట దసరాకి ఊరొచ్చాను. రాత్రి పదకొండింటికి ఫోను. క్లయింట్ దగ్గర ఏదో పెట్టె నెట్‌వర్క్‌నంతా ముంచేస్తోందట. సిగ్నల్ కోసం డాబా ఎక్కి, వాళ్ళు పంపిన క్యాప్చర్ ఫైలు తెరిచాను. వైర్‌షార్క్ బిగుసుకుపోయింది. మళ్ళీ తెరిచా, మళ్ళీ అంతే. తప్పు నా లాప్‌టాప్‌దే అనుకుని గంటన్నర తగలేశాను (దోమల సంగతి వేరే చెప్పాలా). చివరికి ఎడిట్‌క్యాప్‌తో ఫైలుని ముక్కలు చేస్తే దొరికింది. ముంచేస్తున్న ఆ పెట్టె పంపే ప్యాకెట్లలోనే పొడవు సున్నా! దొంగని పట్టివ్వాల్సిన ప్యాకెట్టే కాపలావాడి కళ్ళలో కారం కొట్టింది. అది దాడి కాదు, ఫర్మ్‌వేర్ తప్పు. నా వైర్‌షార్క్ రెండేళ్ళ పాతది, ఆ తప్పు మాత్రం నాదే.

కావాలని చేసేవాడైతే? 2004 మార్చిలో విట్టీ అనే వర్మ్ అదే చేసింది. ఐఎస్ఎస్ కంపెనీ ఫైర్‌వాల్స్‌లో ఐసీక్యూ ప్యాకెట్లు విప్పి చూసే కోడ్‌లో లోపం. అది బయటపడిన మర్నాటికల్లా వర్మ్ వచ్చి, సుమారు 12,000 మెషీన్లలో దూరి డిస్కుల మీద చెత్త రాసింది. పాపం, అవన్నీ రక్షణ కోసం కొనుక్కున్నవాళ్ళ మెషీన్లే. అదే ఏడాది ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు ఈథీరియల్‌ని తమ పోర్ట్స్‌లోంచి తీసేశారు. అంత అవసరమా అంటే, నేనైతే తీసేయను. కానీ రూట్‌గా మాత్రం నడపను. ప్యాకెట్లు పట్టడానికే ఆ అధికారం కావాలి, ఆ పని డంప్‌క్యాప్ అనే చిన్న ప్రోగ్రామ్ చేస్తుంది. విప్పి చదివే పెద్ద కోడ్ మామూలు యూజర్‌గా నడిస్తే, పడిపోయినా ఇల్లు కూలదు.

మొన్న మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు సుడో కొట్టి మరీ వైర్‌షార్క్ తెరుస్తున్నాడు. ఎందుకురా అంటే, "నెట్‌లో అట్లనే రాసుందన్నా" అన్నాడు.