ఒక్క నెల ఉండనిండు
కేంద్ర లలితకళా అకాడమీ అధ్యక్షులవారికిని, చెన్నై ప్రాంతీయ కేంద్రపు అధికారులకును బహిరంగ లేఖ

మహాశయులారా,

పెన్నానది సముద్రమున గలియు ఈ నెల్లూరి సీమలో సమకాలీన చిత్రశిల్పములకొక చిన్న ప్రదర్శనశాల వెలయవలెననియు, అది ఎవరో దయతలచి కట్టించి యిచ్చు మహాభవనము కానక్కరలేదనియు, ఊరివారు తమదిగా భావించి ప్రతిదినము తలుపు తీసి దీపము వెలిగించు ఒక గదియైన చాలుననియు తలచువారిలో నేనొకడను. ఆ గది కొరకు మిమ్ము ధనమడుగుటకై ఈ లేఖ వ్రాయుటలేదు. మీయొద్దనున్న చిత్రములలో కొన్నింటిని మాకు ఎరువిచ్చి, మూడు దినములు గాక ముప్పది దినములు మా గోడలమీద ఉండనిండని మాత్రమే అడుగుచున్నాను.

మాబోటి ఊళ్లలో చిత్రప్రదర్శన మనగా ఏమి జరుగుచున్నదో మనవి చేసికొనెదను. ఏదో ఉత్సవమునకు అనుబంధముగా, ఒక సామాజిక భవనమునో కల్యాణమండపమునో రెండు మూడు దినములకు తీసికొని, కిటికీ ఊచలకు పురికొసలతో పటములు వ్రేలగట్టి, పైన ఫ్యానులు తిరుగుచుండ, చట్రము లేని నీటిరంగుల కాగితములు రెపరెపలాడుచుండ, ప్రారంభోపన్యాసములును శాలువలును ఫొటోలును ముగియునప్పటికి మొదటి దినము గడచిపోవును. రెండవనాటి సాయంకాలమునకు సంగతి ఊరిలో నలుగురి చెవిని బడును. మూడవనాడు మేకులు పెరికి, పటములను పాతచీరలలో చుట్టి, ఆటోలో వేసికొని పోవుదురు. ఎవరో చెప్పగా విని, చూతమని తీరికచేసికొని వచ్చిన మనుష్యునకు అక్కడ పెండ్లివారి కుర్చీలు దిగుచుండుట కనబడును. ఇట్టి ప్రదర్శనలు ముగిసిన పిమ్మట, ఈ ఊరివారికి ఆధునిక చిత్రకళ పట్టదని ఒక తీర్పు చెప్పుట పరిపాటి యైనది. ఆ తీర్పును నేనెంతమాత్రము అంగీకరింపజాలను.

ఇట్టి ఒకానొక ప్రదర్శనలో, నిడుపాటి బూడిదరంగు కాన్వాసుపై నాలుగైదు ఎఱ్ఱని మచ్చలు తప్ప మరేమియు లేని చిత్రమొకటి ఉండెను. దానిముందు నిలిచినవారు ఇదేమని నవ్వుకొనుచు సాగిపోవుచుండగా, వెంకటగిరినుండి వచ్చిన ఒక నేతగత్తె మాత్రము చాలసేపు కదలక నిలిచి, మచ్చకును మచ్చకును నడుమ నున్న బూడిదరంగును వ్రేలితో గాలిలో కొలుచుచు, “బుటాకీ బుటాకీ మధ్య ఎంత జాగా వదలాలనేదే మాకూ అసలు పనయ్యా. ఈయనెట్ట లెక్కేసుకున్నాడో!” అనెను. ఆ చిత్రకారుడు అచటనే యుండెను. లెక్క లేదనియు, నాలుగుసార్లు పూసి చెరిపి మరల పూసితిననియు అతడు చెప్పగా, ఆమె దగ్గరకు వంగి, చెరిపిన రంగు అడుగున ఎచ్చటెచ్చట మిగిలియున్నదో ఒక్కొక్కటిగా చూపించెను. ఇతరులు శూన్యమనుకొన్న చోట ఆమెకు పని కనబడినది. జాందానీ నేతలో బుటా బుటాకు వేరుగా పోగును చేతితో దూర్చుటకు అలవాటుపడిన కన్నది. అట్టి కన్నులు మా సీమలో కొఱవడలేదు. ఉదయగిరిలో స్థానికపు కఱ్ఱతో గరిటెలును చెంచాలును చెక్కి, పిడిమీద సన్నని నగిషీ తీర్చువారున్నారు. ఫ్లెక్సీలు వచ్చి పని పోగొట్టుకొన్న బోర్డు ఆర్టిస్టులున్నారు. ఆరడుగుల అక్షరమును గీటుబద్ద లేకయే నిలువుగా దింపగలిగిన చేయి ఇప్పుడు ఏమి చేయుచున్నదో ఎవరును విచారించుటలేదు. ఏటేట డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు వ్రాయు బాలబాలికలున్నారు. తెలుగువాడైన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగులను, అనగా లోహఫలకమునుండి అచ్చొత్తిన చిత్రములను, పుస్తకములలో అచ్చుపడినంతమేరకే చూచిన ఈ పిల్లలలో, నిజమైన ఎచింగు ముందు నిలిచి, తామ్రఫలకపు అంచు కాగితములో దిగిన ఒత్తిడిగుర్తును చూచినవారు ఎందరుందురు?

చిన్న చోటులనుండి గొప్ప పని జరుగదనువారికి రాజమహేంద్రవరమును చూపెదను. అచటి చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో జన్మించి, 1925లో, ఇరువదియెనిమిదేండ్లయిన నిండకమునుపే మశూచివాత బడి మరణించెను. అతని చిత్రములు చెల్లాచెదరు కాకుండ వరదా వెంకటరత్నము ప్రభృతులు పూని కాపాడుటచేతనే నేడు ఆ ఊరిలో అతని పేర చిత్రశాల నిలిచియున్నది. ఇక మా తీరమునే దక్షిణముగా పోయిన, 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వమున మద్రాసు చిత్రకారులు బాతిక్ మొదలగు చేతిపనులు చేసి అమ్మిన సొమ్ము కూడబెట్టుకొని, ఇంజంబాక్కమువద్ద నేల కొని, చోళమండల కళాగ్రామమును స్థాపించిరి. కొచ్చిలో 2012 డిసెంబరు 12న ఆరంభమైన బియెన్నాలే, అనగా ద్వైవార్షిక కళాప్రదర్శన, సైతము క్రొత్త భవనముకొరకు కాచుకొనక, చాలవరకు పాత వర్తకుల గిడ్డంగులలోనే నడచినది.

మాకును చెన్నపట్టణమునకును ఉన్న సంబంధము క్రొత్తది కాదు. 1850లో అలెగ్జాండర్ హంటర్ నెలకొల్పిన చిత్రకళాపాఠశాల ఉన్న నగరము, 1953 అక్టోబరు 1వరకు మాకును రాజధానియే. రాష్ట్రములు వేరుపడినంతమాత్రమున దూరము పెరుగలేదు. నెల్లూరినుండి మీ గ్రీమ్స్ రోడ్డు కేంద్రమునకు రైలులో పూటప్రయాణమైనను పట్టదు. 1954లో ఆవిర్భవించిన మీ అకాడమీ, 1968లో తొలి త్రైవార్షిక ప్రదర్శనకు దేశదేశముల చిత్రములను ఢిల్లీకి రప్పింపగలిగినది. అట్టి సంస్థకు ఈ కొద్దిదూరము భారము కాదని నా నమ్మకము.

మీకు కలుగదగిన ప్రధానమైన శంక, ఉప్పుగాలి. అది న్యాయమైన శంకయే. ఇచటి గాలికి ఇనుపమేకు త్రుప్పుపట్టి పటముమీద గోధుమరంగు చార దింపును. చెమ్మకు కాగితము ఉబ్బి, అద్దమునకు అంటుకొని, బూజు పొడలు తేలును. కావున ఇత్తడి మరలనే వాడెదము. పటము వెనుక మూలలకు బెండుముక్కలంటించి, గోడకును పటమునకును నడుమ గాలియాడ వ్రేలెడు సందు విడిచెదము. చెమటపట్టు గోడకు ఏ పటమును వ్రేలగట్టము. కాగితముపై చిత్రములకు వెలుతురు 50 లక్సులకు మించకుండ చూచెదము. తుపానులు వచ్చు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఒక్క పటమునైనను కోరము. మొదట తైలవర్ణ చిత్రములనుగాక ముద్రణచిత్రములనే, అనగా ఎచింగులు, లిథోగ్రాఫులు, ఉడ్‌కట్లనే పంపుడని అడుగుచున్నాను. ఒకే ఫలకమునుండి పెక్కు ప్రతులు తీయుదురు గనుక, దైవవశమున ఒకటి చెడినను కృతి నశింపదు. మీ కేంద్రమున ముద్రణశాల కలదు గదా. అచట పనిచేయు యువకళాకారులకు తమ ప్రతులు ఒక క్రొత్త ఊరిలో కనబడుట ప్రియమే యగును.

నెల దినములని పట్టుపట్టుటకు కారణము వేరు. మొదటిసారి చూచినవాడు నవ్వి పోవును. రెండవసారి బజారుపనిమీద అటు పోవుచు తొంగిచూచును. మూడవసారి బిడ్డను వెంటబెట్టుకొని వచ్చి, తనకు తోచినది ఆ బిడ్డకు చెప్పును. ఈ మూడవ రాకడకే ప్రదర్శనశాల. దానికై, ఉదయమునుండి రాత్రి ఎనిమిదివరకు తలుపు తెరచి, అడిగినవారికి విసుగక చెప్పు మనిషి ఒకరు కుర్చీలో కూర్చుండవలెను. హయ్యరు పరీక్ష నెగ్గిన ఆడపిల్లలో, పని పోయిన బోర్డు ఆర్టిస్టులో ఆ పనికి దగుదురు. అయితే రాగిఫలకముపై మైనమెట్లు పూయుదురు, ఆమ్లమెట్లు తినును, కాగితమును ఎంత తడిపి యంత్రమున పెట్టుదురు అనునవి వారు కన్నులార చూచి యుండవలెను. కావున ఇరువురిని మీ ముద్రణశాలలో వారము దినములు ఉండనిచ్చి, దగ్గరనుండి చూపింపుడు. వారి బస భోజనముల భారము మేము వహించెదము. తిరిగివచ్చిన పిమ్మట వారికి జీతమీయవలసిన బాధ్యతయు మాదే. ఉచితముగా చేయుమని ఏ కళాకారుని అడుగుటయు నాకు సమ్మతము కాదు.

మొదటి విడతకు ఇరువది ముద్రణచిత్రములు చాలును. సంక్రాంతి వెళ్లిన పిమ్మట నెలదినములు మాకు అనుకూలము. పటములను తీసికొనివచ్చుటకు మేమే మనుష్యులను పంపెదము. బీమా విషయమునను, పెట్టెలు కట్టుట విషయమునను మీ నియమములేవో తెలుగులోనే వ్రాసి పంపినయెడల, గదిలో పనిచేయువారందరు చదువుకొనుటకు వీలగును.

ఇట్లు విన్నవించు
నెల్లూరి కళాభిమాని