పాత తుపాకీ, కొత్త స్క్రూడ్రైవరు

చిన్నప్పుడు మా ఊరి పోలీస్ స్టేషన్ గుమ్మంలో సెంట్రీ భుజాన వేలాడే త్రీ నాట్ త్రీని నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. అలాంటిది టెక్సాస్‌లో ఒక గన్ షాపులో, ఇషాపూర్ ఫ్యాక్టరీ ముద్రతో అచ్చం అదే కనిపిస్తే ఆగుతానా? కొనేశా. (చూడ్డానికి త్రీ నాట్ త్రీనే గానీ, ఇది 1960ల్లో వచ్చిన 2ఏ1. దీనికి 7.62 తూటాలే వెయ్యాలి.)

చెక్క చూసి మురిసిపోయి, బ్యారెల్ లోపల లైటు వేసి చూడ్డం మర్చిపోయా. అదృష్టం, బానే ఉంది. అసలు తెలివితక్కువ పని ఇంటికొచ్చాక చేశా. వెనక చెక్క వదులుగా ఉందని పొడుగాటి స్క్రూడ్రైవరు పెట్టి తిప్పా. టప్పున ముందు చెక్క చీలింది! ఆ వెనక బోల్టు చివర నలుచదరంగా ఉండి, ముందు చెక్కలో ఇరుక్కుని ఉంటుందట. ముందు చెక్క ఊడదీశాకే బోల్టు తిప్పాలట. బయటికి రెండు వేర్వేరు మాడ్యూళ్ళు, లోపల డిపెండెన్సీ. పొద్దస్తమానం ఇదే పని చేసేవాడికి ఆమాత్రం తట్టొద్దూ?

నన్నడిగితే, ఇలాంటివి కొనేవాళ్ళు ముందు విప్పే వరస నేర్చుకోవాలి. ఉప్పు కాగితం పట్టి చెక్కని కొత్తదాన్లా చేసేద్దామన్న సరదా కూడా వద్దు. పాత ముద్రలు పోతాయి, వాటితోపాటు ధరా పోతుంది. అవిసె గింజల నూనె పల్చగా రుద్దితే చాలు. నూనె గుడ్డలు మాత్రం ఉండ చుట్టి పడెయ్యకండి, వాటంతటవే అంటుకోగలవు. విడివిడిగా ఆరెయ్యండి.

నా చీలికకి ఎపాక్సీ పెట్టా. గీత కనిపిస్తూనే ఉంది.