ఉప్పుటేటి గట్టున రాజీ పంచాయితీ

రెండు డెల్టాల రైతులూ ఎదురెదురుగా కూర్చుని కాగితం రాసుకుంటే ముంపు బాధ ఒక్కరోజులో తీరిపోతుందట! మొన్నొక సభలో ఓ పెద్దమనిషి సెలవిచ్చారు. ముందు వరస చప్పట్లు కొట్టింది. ఊడ్చిన పదో రోజుకే చేను నీట మునిగినవాడు ఆ వరసలో ఉండడు లెండి.

ఏం రాసుకోవాలండీ? కొల్లేట్లోకి ఇటు కృష్ణా డెల్టా మురుగు, అటు గోదావరి డెల్టా మురుగు వచ్చి పడతాయి. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు దిగుతాయి. ఇంతటికీ సముద్రానికి దారి ఉప్పుటేరొక్కటే, దాదాపు 60 కిలోమీటర్లు. ఈ వారం నీది, వచ్చే వారం నాది అని వంతులేసుకోవడానికి ఇదేమన్నా సాగునీటి కాలువా? సరస్సు మట్టం లేస్తే రెండు వైపులా డ్రెయిన్లు ఎగదన్నుతాయి. ఆపైన పోటు వేళ సముద్రం ఎదురొస్తుంది. దానిచేత సంతకం ఎవరు పెట్టిస్తారో!

బేరమన్నాక ఇద్దరి చేతిలోనూ ఏదో ఉండాలి. మెరక రైతు నీళ్లు ఎవర్నీ అడక్కుండానే పల్లానికి పోతాయి. పల్లపు రైతు ఏమిచ్చి ఆపుకుంటాడు? దండం పెట్టాలి, లేదా రాత్రిపూట అడ్డుకట్ట వెయ్యాలి. ఆ తగాదా పోలీసుల దాకా వెళ్తే మళ్లీ రాజీ పడమని పంపేదీ ఈ పెద్దమనుషులే.

పైగా సంతకాలు వరి రైతువి. ఏటిని ఇరుకు చేసింది అతనా? చేపల చెరువు గట్లు ఏటి పొరంబోకులోకి ఎలా దిగాయో అడిగే దమ్ము ఆ సభలో ఎవరికుంది? 2006లో కొల్లేట్లో చెరువులు కొట్టేశామన్నారు, గట్లు మళ్లీ లేచాయి. పట్టుబడికి ముందు ఇంజన్లు పెట్టి చెరువు నీళ్లన్నీ డ్రెయిన్లోకే తోడేస్తారు. అడిగితే పట్టాదారు వేరు, లీజుదారు వేరు, ఇద్దరూ ఊళ్లో ఉండరు. కాగితం మీద వేలిముద్ర ఎవరిది?

పూడిక తీయించడానికి డబ్బుల్లేవనే మాట మాత్రం నా దగ్గర అనకండి. 1968లోనే చట్టం చేసి డెల్టా రైతు మీద డ్రైనేజీ సెస్సు వేశారు.

సరస్సు నుంచి మొగ దాకా ఏటికి ఒక్కరే జవాబుదారీ ఉండాలి. మట్టం కొలిచి, గీత దాటితే ఎవరి తూము మూయాలో చెప్పగలగాలి. అది బోర్డా, మరొకటా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ నీళ్లకు కలెక్టర్లు కూడా పెరిగారు: ఏలూరు, పశ్చిమ గోదావరి, కృష్ణా. పూడిక ముందు ఎవరు తీయిస్తారో, పెద్దమనిషిగారిని ముందు ఆ ముగ్గురి చేతా కాగితం రాయించుకు రమ్మనండి.