అతుకులను దాచవలదు

రాయదుర్గమున మెట్రోబండి దిగి తలయెత్తి చూచినవారికి నేటి కట్టడపు మర్మము కొంత బోధపడును. ఆ వంతెనమీది కాంక్రీటు పెట్టెలు అక్కడ పోసినవి కావు. వేరొకచోట యార్డులో అచ్చులలో పోతపోసి, లారీలపై తెచ్చి, ఒకదాని ప్రక్క నొకటి చేర్చి, ఉక్కుతీగలతో బిగించినవి. దీనినే ప్రీకాస్ట్ అనుచున్నారు.

ఈ విద్య క్రీడామైదానములకును వ్యాపించినది. అహమ్మదాబాదు మొతేరాలో 2020లో తెరచిన 1,32,000 ఆసనముల స్టేడియమునకు మెట్లును దూలములును చాలవరకు ఇట్లే చేసినవి. మన ప్రభుత్వమును 2024 ఆగస్టులో బేగరికంచె వద్ద అంతర్జాతీయ క్రికెట్ స్టేడియము నిర్మింతుమని శాసనసభలో ప్రకటించినది. అది కట్టునాడు ప్రీకాస్టు రాక తప్పదని మా తలంపు. రావలసినదే. మేము దానికి విరోధులము కాము. రోమునగరమున నెర్వీ యను ఇంజనీరు 1960 ఒలింపిక్ క్రీడలకై యొక చిన్న క్రీడాభవనపు గుమ్మటమును వేయికిపైగా ముందు పోసిన ముక్కలతో కూర్చెను. అది నేటికిని నిలిచియున్నది.

మా ఆక్షేపణ వేరు. ఫ్యాక్టరీలో చేసినది గనుక నాణ్యమునకు లోటుండదని కంట్రాక్టర్లు చెప్పుదురు. సగము నిజము. అచ్చులో పోసిన మెట్టునకు ఫ్యాక్టరీ జవాబుదారి. ఆ మెట్టు దూలముపై ఆనిన చోటికి జవాబుదారి యెవరు? ఆనిక వెడల్పు కొంచెము తగ్గినను, కమ్మి దూర్చిన రంధ్రములో గ్రౌటు నిండకపోయినను, పైపూత పూసిన పిమ్మట ఇంజనీరునకే తెలియదు. మేము న్యాయస్థానములలో నిత్యము చూచునదే: దస్తావేజు ఎంత ముచ్చటగా వ్రాసినను, సాక్షి సంతకము చెల్లకున్న ఏమి లాభము?

స్టేడియమునకు ఇంకొక బాధ గలదు. వికెట్టు పడినప్పుడు జనము కుదురుగా కూర్చుండరు. వేలమంది ఒకే తాళమునకు, సెకనుకు రెండుమార్లు చొప్పున, ఎగురుదురు. మెట్టు సహజముగా ఊగు వేగము ఆ తాళముతో కలిసెనా, ఊపు పెరుగును. ఆ భారము అతుకులను పరీక్షించును.

2001 జనవరి 26న గుజరాతు భూకంపములో ప్రీకాస్టు పలకలతో కట్టిన పాఠశాలలు అనేకము కూలినవి. పలకలు పగిలి కాదు, వాని నడుమ పట్టు చాలక. లండనులో 1968లో రోనన్ పాయింట్ అను 22 అంతస్తుల భవనమున ఒక ఇంటిలో గ్యాసు ప్రేలగా, ఒక మూల యంతయు పేకమేడవలె జారి నలుగురు మరణించిరి. ఆ భవనము తెరచి రెండు మాసములే!

గచ్చిబౌలి పేరులో గచ్చును బావియు రెండును వినబడును. అక్కడి బాలయోగి స్టేడియము 2002 జాతీయక్రీడలకును, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకును వేదికయైనది. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని ఉత్సవపు తేదీ ముందు నిర్ణయమై, కట్టడము దాని వెనుక పరుగెత్తుట మన దేశమున ఆచారమైనది. తొందరలో మొదట నలుగునది అతుకే. పాలమూరు నుండియో ఒడిషా నుండియో వచ్చిన కూలీ రాత్రి దీపపు వెలుతురున గ్రౌటు పోయును. వేలమంది ప్రాణములు ఆతని చేతిపనిమీద నిలుచును. ఆతనికి ఆ పని నేర్పినవారెవరు? ఆ రాత్రి దగ్గర నిలిచి చూచినవారెవరు? ప్రమాదము జరిగినచో నేరము మాత్రము ఆతని నెత్తిననే పడును.

నియమములు లేకపోలేదు. ఐ.ఎస్. 15916 అను నియమావళి 2010 నుండి గలదు. వానిని పాటించినట్లు సాక్ష్యమును ప్రజల యెదుట పెట్టుటయే కావలసినది. 2005 సమాచారహక్కు చట్టపు నాలుగవ సెక్షను, ఎవరును అడుగకయే ప్రకటింపవలసిన వివరములను పేర్కొనుచున్నది. అతుకుల రిజిస్టరును వానిలో చేర్చవలెను. సొమ్ము క్రికెట్ బోర్డుదైనను, మెట్లపై కూర్చుండువారు ప్రజలే కదా!

బేగరికంచెలో మొదటి అచ్చు పోయక మునుపే ఆ రిజిస్టరు నమూనాను ప్రభుత్వము వెల్లడింపవలెను. ప్రతి అతుకునకు సంఖ్య, పూడ్చక ముందు తీసిన ఛాయాచిత్రము, గ్రౌటు పోసిన తేదీ, పరీక్షించిన ఇంజనీరు పేరు అందుండవలెను. ఆ ఇంజనీరు కంట్రాక్టరు జీతగాడు కారాదు.