రాత్రి కాపలా ఎవరిది?

స్కూబా అంటే మనవాళ్లకు అండమాన్, మాల్దీవుల గోరువెచ్చని నీళ్లే. కాలిఫోర్నియా తీరంలోని చానల్ దీవుల దారి వేరు. అక్కడ నీళ్లు చల్లన, ఏడు మిల్లీమీటర్ల మందం సూటు వేసుకున్నా మొదటి మునకకు ఒళ్లు జివ్వుమంటుంది. అయినా జనం పడవలోనే పడుకుంటూ రెండు మూడు రోజులు ఈ దీవుల చుట్టూ తిరిగేది కెల్ప్ అడవుల కోసం. అనువైన చోట రోజుకు అరవై సెంటీమీటర్ల దాకా పెరిగే నాచు అది. ఆకు మొదట్లో గాలిబుడగ, దాని బలంతో తీగంతా నిట్టనిలువుగా పైకి లేస్తుంది. సిలిండరుకు చుట్టుకుంటే గుంజకూడదు, మడిచి విరిస్తే పుటుక్కున తెగుతుంది. ఇలాంటి మెలకువలు పడవలో అందరూ చెబుతారు. చెప్పనిది, మనమూ అడగనిది ఒకటుంది: అందరూ నిద్రపోయాక మేలుకుని తిరిగేదెవరు? 2019 సెప్టెంబరు 2 తెల్లవారుజామున శాంతాక్రూజ్ దీవి దగ్గర లంగరేసిన ‘కన్సెప్షన్’ పడవ కాలిపోయి, కింది గదిలో పడుకున్న 34 మందీ చనిపోయారు. ఆ గదికున్న రెండు దారులూ మంటలున్న పై హాల్లోకే తెరుచుకున్నాయి. కాపలా మనిషి ఉండాలన్న నిబంధన అప్పటికే ఉంది, మనిషే లేడు.

కెప్టెన్‌కు 2024లో నాలుగేళ్ల శిక్ష పడింది. శిక్ష సరే. గాలి గేజీని రెండుసార్లు సరిచూపించే పడవవాళ్లు రాత్రి కాపలాదారు పేరునూ బోర్డు మీద రాసి పెట్టాలి. అడిగితే నొచ్చుకునే పడవ ఎక్కకపోవడమే నయం.