ఎర్ర జ్వరం

ఆటల పిచ్చి ముదిరినవాళ్లను ఇటలీలో ‘తిఫోసీ’ అంటారు. టైఫస్ అనే జ్వరం పేరు నుంచి పుట్టిన మాట అది. అంటే... ఒళ్లు కాలిపోతూ పలవరించేవాళ్లన్నమాట! ఫుట్‌బాల్ వీరాభిమానులకూ ఆ పేరే ఉన్నా, ప్రపంచానికి మాత్రం తిఫోసీ అనగానే గుర్తొచ్చేది ఫెరారీ ఎర్రకార్ల అభిమానులే. ఆ జ్వరం ఏ స్థాయిలో ఉంటుందో చూడాలంటే, ఇటాలియన్ గ్రాండ్‌ప్రీ జరిగే ఆదివారంనాడు మిలాన్ పక్కనున్న మోంజాకు వెళ్లాలి.

మోంజా ట్రాక్ కట్టింది 1922లో. ఒకప్పటి రాజుగారి వనంలో, పెద్ద పెద్ద చెట్ల మధ్య ఉంటుంది. పందెం మధ్యాహ్నమే అయినా జనం పొద్దున్నే బారులు తీరతారు. ఖరీదైన టిక్కెట్టు కొన్నవాళ్లకు కుర్చీ ఉంటుంది. చౌక టిక్కెట్టువాళ్లకు గడ్డిగట్టూ ఇనుపకంచే దిక్కు. ముందొచ్చినవాడిదే చోటు. అందుకే గేటు తీయగానే దుప్పటి, నీళ్లసీసా, జెండా చంకన పెట్టుకుని ఒకటే పరుగు. మన దగ్గర అభిమాన హీరో సినిమాకి తొలిరోజు తొలి ఆట ముందు కనిపించే దృశ్యమే... కాకపోతే ఇక్కడ రంగు ఒక్కటే, ఎరుపు!

రెండున్నర నిమిషాల కోసం...

ఇంతా చేసి వాళ్లు చూసేదెంత? మోంజాలో ఒక చుట్టు 5.793 కిలోమీటర్లు. పందెం మొత్తం 53 చుట్లు. నిలబడ్డచోటు నుంచి కారు మూడు సెకన్లపాటు కనిపిస్తుందనుకుంటే, అన్ని చుట్లూ కలిపినా రెండున్నర నిమిషాలు దాటి కొద్ది సెకన్లు. ఆ కాస్తకోసం ఎండలో ఆరేడు గంటలు! అదే ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే ప్రతి మలుపూ చూడొచ్చు, చల్లగా ఏదైనా తాగుతూ.

అయినా ఎందుకెళతారంటే, టీవీ చూపించలేనిది వేగం. కెమెరా కారుతోపాటే తిరుగుతుంది కాబట్టి తెరమీద అంతా నింపాదిగా ఉన్నట్టుంటుంది. కంచె పక్కన నిలబడితే తెలుస్తుంది అసలు సంగతి. గంటకు 340 కిలోమీటర్లు దాటి దూసుకొచ్చిన బండి, మొదటి మలుపు దగ్గర కళ్లు మూసి తెరిచేలోగా వందలోపుకి దిగిపోతుంది. ఆ మోత చెవులకన్నా ముందు గుండెను తాకుతుంది. 2005 దాకా వాడిన పది సిలిండర్ల ఇంజిన్ల హోరుకైతే చెవుల్లో ఏదో ఒకటి కుక్కుకోక తప్పేది కాదు. 2014 నుంచి 1.6 లీటర్ల హైబ్రిడ్ ఇంజిన్లు వచ్చి హోరు తగ్గింది. పాతకాపులకు ఇప్పటికీ అదే బాధ!

నిన్నటి శత్రువు నేటి చుట్టం

తిఫోసీకి డ్రైవర్ ముఖ్యం కాదు, కారు ముఖ్యం. 2013లో రెడ్‌బుల్ కారుతో ఇక్కడ గెలిచిన సెబాస్టియన్ వెటెల్‌ను విజేతల వేదిక మీదే గేలిచేశారు. 2015లో అతనే ఫెరారీ చొక్కా తొడుక్కొచ్చేసరికి నెత్తిన పెట్టుకున్నారు. 2018లో మెర్సిడెస్‌తో నెగ్గి అవే అరుపులు విన్న లూయిస్ హామిల్టన్‌కు, 2025లో ఫెరారీ డ్రైవర్‌గా వచ్చినప్పుడు జేజేలు పలికారు. ఇంటల్లుడైతే పాత పగలు గుర్తుండవు మరి!

ఆ అభిమానానికి ఫలితం దక్కిన రోజులూ ఉన్నాయి. ఫెరారీ సంస్థాపకుడు ఎంజో ఫెరారీ 1988 ఆగస్టు 14న తన 90వ ఏట కన్నుమూశారు. నెల తిరక్కుండానే మోంజా పందెం. ఆ ఏడాది మెక్‌లారెన్ జట్టుకు ఎదురే లేదు. 16 పందేల్లో 15 వాళ్లే గెలిచారు. మిగిలిన ఆ ఒక్కటీ మోంజానే! ముందున్న అయర్టన్ సెన్నా ఇంకో రెండు చుట్లలో పందెం ముగుస్తుందనగా వేరే కారును తగిలి ఆగిపోయాడు. ఫెరారీలు మొదటి, రెండో స్థానాల్లో వచ్చాయి. ‘అది పెద్దాయనే పైనుంచి చేయించాడు’ అని నమ్మే అభిమానులకు కొదవలేదు.

2024లోనూ అంతే. మెక్‌లారెన్లు రెండుసార్లు ఆగి టైర్లు మార్చుకుంటే, ఫెరారీ డ్రైవర్ షార్ల్ లెక్లెర్ ఒక్కసారే ఆగాడు. అరిగిన టైర్లతో ఆఖరి చుట్లు నెట్టుకొస్తుంటే, వెనక కారు ఎన్ని సెకన్ల దూరంలో ఉందో జనమంతా లెక్కపెట్టడమే. చివరికి మూడు సెకన్లలోపు తేడాతో గట్టెక్కాడు. అంతే... కంచెలు తెరుచుకున్నాయి, ట్రాక్ ఎర్రటి ఏరైపోయింది. వేదిక కింద నిలబడి పాడేవాళ్లు కొందరైతే, రాలిన టైరు ముక్కల్ని ప్రసాదంలా ఏరుకుని జేబుల్లో వేసుకునేవాళ్లు ఇంకొందరు.

ఆ కంచెల వెనక ఒక విషాదం కూడా ఉంది. 1961లో ఇదే మోంజాలో ఫెరారీ డ్రైవర్ వోల్ఫ్‌గాంగ్ ఫాన్ ట్రిప్స్ కారు మరో కారును తగిలి జనంలోకి ఎగిరిపడింది. అతనితోపాటు 15 మంది ప్రేక్షకులు చనిపోయారు. కారుకు దగ్గరగా నిలబడాలనే ఆశే వాళ్ల ప్రాణం తీసింది. ఇప్పుడు ట్రాక్‌కీ జనానికీ మధ్య కనిపించే ఖాళీస్థలాలూ ఎత్తయిన కంచెలూ ఇలాంటి ప్రమాదాలు నేర్పిన పాఠాలే. ‘ఏమీ సరిగా కనిపించట్లేదు’ అని విసుక్కునే కుర్రాళ్లకు తాతలు చెప్పాల్సిన కథ ఇది.

తాతలంటే గుర్తొచ్చింది... 1950లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైంది లగాయతు, 1980లో ఒక్కసారి తప్ప ఇటాలియన్ గ్రాండ్‌ప్రీ మోంజాలోనే జరుగుతోంది. తాత భుజాలమీద కూర్చుని చూసినవాడు తన మనవణ్ని భుజాలకెత్తుకునేంత కాలం! ఫెరారీ డ్రైవర్ ఆఖరిసారి ప్రపంచ ఛాంపియన్ అయింది 2007లో. ఆ తర్వాత 2025 దాకా చూసిందంతా ఎదురుచూపే. అయినా జెండాలు తగ్గలేదు.

మన దేశంలోనూ రేసు పిచ్చివాళ్లకు కొరత లేదు. గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు ఫార్ములా వన్ జరిగి ఆగిపోయింది. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా-ఇ పందెం చూడ్డానికి జనం ఎగబడ్డారు. మరుసటి ఏడాది అదీ రద్దయింది. ట్రాక్ కట్టడానికి డబ్బు చాలు. తిఫోసీ తయారవ్వాలంటే మాత్రం జాతరలా ఏటా అదే చోట, అదే రోజుల్లో పందెం జరగాలి. ఇలాంటి జ్వరం ఒక్కరోజులో వచ్చేది కాదు, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకోవాల్సిందే!