ఊరి నర్సరీల్లో నాటు గులాబీ పెంచాలి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పెరళ్లలో గులాబీ నిలవాలంటే బయటి నుంచి అంటు మొక్కలు తెచ్చి పంచడం మానాలి. కొమ్మ నాటితే సొంత వేళ్లతో బతికే నాటు గులాబీని పంచాయతీ నర్సరీల్లోనే పెంచి ఇవ్వాలి. సంతల్లో దొరికే పెద్ద పువ్వుల మొక్కలు చాలావరకు హైబ్రిడ్ టీ రకాలు. 1867 నాటి 'లా ఫ్రాన్స్'ను వీటిలో మొదటిదిగా చెబుతారు. యూరప్‌లోని చల్లటి తోటల్లో పువ్వు అందం చూసి ఎంచుకుంటూ వచ్చిన వర్గమిది. మన ఎండలు 40 డిగ్రీలు దాటగానే దీని పువ్వు చిన్నదవుతుంది, రేకులు మాడతాయి, ఎర్రనల్లి ఆకుల రసం పీల్చేస్తుంది. వానల్లో నల్లమచ్చ తెగులు ఆకు రాలుస్తుంది. కత్తిరించిన చోట మొదలైన కొమ్మ ఎండు తెగులు అంటు దాకా పాకితే పై మొక్క చచ్చిపోయి, వేరు మొక్క పిలకలే మిగులుతాయి.

మిగిలిన ఆ వేరే అసలు సాక్ష్యం. మన దేశంలో అంటు కట్టడానికి వాడే వేరు మొక్కల్లో ఎడ్వర్డ్ గులాబీ ఒకటి. డమాస్క్, చైనా గులాబీలు కలిసి రీయూనియన్ ద్వీపంలో పుట్టిన సంకరమిది. ఒకదాని నుంచి వాసన, రెండోదాని నుంచి మళ్లీ మళ్లీ పూసే గుణం దీనికి వచ్చాయి. మొండి రకమని నమ్మే కదా దీన్ని వేరుగా వాడుతున్నారు! అలాంటిది నేరుగా పెరట్లో నాటితే తప్పేమిటి? తొలకరి తర్వాత పెన్సిల్ లావున్న ముదురు కొమ్మను జానెడు కోసి, రెండు కణుపులు లోపలికి పోయేలా చెల్క మట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన సంచిలో గుచ్చితే వేళ్లు పోసుకుంటుంది. పైకొమ్మ ఎండినా కింది నుంచి లేచే పిలక అదే పువ్వు పూస్తుంది. వానలు తగ్గాక అక్టోబరులో కత్తిరిస్తే చలికాలం పూత బాగుంటుంది.

నాటు పువ్వు త్వరగా రేకులు రాలుస్తుందని, రంగులు తక్కువని అంటారు. నిజమే. పొడుగు కాడల పూలు అమ్ముకునే రైతుకు పాలీహౌస్, అంటు మొక్క తప్పవు. ఇంటివాళ్లకు కావలసింది పూజకు, జడకు వాసన గల పువ్వు. రంగుల కొరతకూ దారి ఉంది. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్, మన దేశపు అడవి గులాబీలు క్లినోఫిల్లా, జైగాంటియాలతో వేడి ప్రాంతాలకు సరిపడే రకాలు రూపొందించారు. ఉద్యాన విశ్వవిద్యాలయం అలాంటివాటిని మన చెల్కల్లో పరీక్షించాలి. బోరు నీటిలో సున్నం ఎక్కువైతే నాటు గులాబీ ఆకూ పసుపెక్కుతుంది. అక్కడ సేంద్రియ ఎరువు పెంచి, వాన నీటిని మొదట్లో ఇంకించాలి.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చాక ఊరూరా నర్సరీ ఏర్పడింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నది ఆ చట్టం పెట్టిన షరతు. బతికే మొక్కను ఇవ్వకుండా ఆ లెక్క నెరవేరదు. సర్పంచులు, ఉద్యాన అధికారులు వచ్చే తొలకరికే ఊళ్లోని పాత గులాబీ పొదలను గుర్తించి, కొమ్మలు కోయించి, సంచులు నింపించాలి.